నోరు ఒకటే, పనులు రెండు

ఇంటర్మీడియట్ జువాలజీ పుస్తకాల్లో పోషణ ఒక అధ్యాయం, శ్వాసక్రియ ఇంకో అధ్యాయం. పరీక్షలో ప్రశ్నలూ విడివిడిగానే వస్తాయి. చేపకు ఈ విభజన తెలియదు. అది నోరు తెరిస్తే లోపలికి పోయే నీళ్ళలోనే ఆక్సిజన్ ఉంటుంది, మేతా ఉంటుంది. ఆ నీళ్ళు బయటపడే దారి కూడా ఒకటే, మొప్పల సందు. నీటి జంతువుల ఊపిరి మీద రెండు వందల ఏళ్ళుగా పోగుపడిన పరిశోధననంతా దగ్గర పెట్టుకుని చదివితే నాకు తోచింది ఇది: వీటి ఊపిరినీ తిండినీ వేరుచేసి చూసినంతకాలం రెండూ సగం సగమే అర్థమవుతాయి. తిమింగలాలు, తాబేళ్ళు నీళ్ళలో ఉన్నా పైకొచ్చి గాలి పీల్చుకునేవే కాబట్టి వాటిని ఈ చర్చలోకి తేవడం లేదు.

ముందు లెక్క. లీటరు గాలిలో ఆక్సిజన్ దాదాపు 210 మిల్లీలీటర్లు. 20 డిగ్రీల మంచినీళ్ళు గాలితో పూర్తిగా కలిసి నిండుగా ఆక్సిజన్ పట్టుకున్నా లీటరుకు ఆరున్నర మిల్లీలీటర్లు దాటవు. ముప్పయ్యో వంతు అన్నమాట. ఆ కొంచెం ఆక్సిజన్ కోసం కదిలించాల్సిన నీరు గాలికంటే సుమారు 800 రెట్లు బరువు. పైగా ఆక్సిజన్ తనంత తాను నీటిలో పాకే వేగం గాలిలోకన్నా దాదాపు పదివేల రెట్లు తక్కువ. ఇక వేడి సంగతి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. ఉప్పునీరైతే ఇందులో మరో ఐదో వంతు తరుగు. చేప ఒంటికేమో ప్రతి పది డిగ్రీల పెంపుకూ ఆక్సిజన్ అవసరం రమారమి రెట్టింపవుతుంది. ఆదాయం తగ్గుతుంటే ఖర్చు పెరిగే సంసారం లాంటిది వేసవి చెరువు.

ఈ లెక్కలు తేలడానికి చాలాకాలం పట్టింది. చేప పీల్చేది నీటిలో కరిగిన ఆక్సిజన్‌నే అని కొలిచి చూపినవాళ్ళలో తొలివారు హంబోల్ట్, ప్రొవెన్సాల్. వాళ్ళ పత్రం 1809 నాటిది. కొలత అందరి చేతికీ వచ్చింది మాత్రం 1888లో, హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ మాంగనీసు, అయొడిన్ చర్యలతో ఒక పద్ధతి కనిపెట్టాక. సీసాలో నీళ్ళు పట్టి, రసాయనాలు కలిపి, గోధుమరంగు అవక్షేపం దిగాక చుక్కలు లెక్కపెట్టే ఆ పద్ధతి ఇప్పటికీ ప్రయోగశాలల్లో బతికే ఉంది. 1956లో అమెరికన్ లీలండ్ క్లార్క్ ఎలక్ట్రోడ్‌ను ప్రకటించాక నీటిలో ముంచి అంకె చదువుకునే మీటర్లకు దారి పడింది.

నీటిలో ఆక్సిజన్ ఇంత నిదానంగా పాకుతుంటే దాన్నే నమ్ముకుని బతికే జీవి ఎంత పెద్దది కాగలదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవాడు డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్. కేశనాళికల మీద పనికి 1920లో నోబెల్ అందుకున్న మనిషి. గుండ్రని జీవికి ఒక మిల్లీమీటరు వ్యాసార్థం దగ్గరే హద్దని ఆయన లెక్క. అంతకు మించితే నడిబొడ్డున ఉన్న కణాలకు ఊపిరి అందదు. బల్లపరుపు పురుగులు పలచగా ఉండి ఈ హద్దును తప్పించుకున్నాయి. జెల్లీచేపలు మీటరు వెడల్పున పెరిగినా వాటి ఒంట్లో ఎక్కువ భాగం ఆక్సిజన్‌తో పెద్దగా పనిలేని జిగురే, బతికున్న కణాలు పైపొరల్లోనే ఉంటాయి. ఇలా సర్దుకోలేని జీవులు నీటిని కదిలించాలి, రక్తాన్నీ కదిలించాలి. మొప్ప అనేది ఈ రెండు ప్రవాహాలూ కలుసుకునే చోటు.

చేపల బజారులో మొప్ప ఎత్తి ఎరుపు చూడకుండా ఎవరూ బేరం ఆడరు. ఆ ఎరుపే ఇక్కడి అసలు కథ. మొప్ప విల్లు మీద వరసలుగా తంతువులు, ఒక్కో తంతువు మీద రెండు వైపులా అంతకంటే సన్నని పలకలు, ఆ పలకల్లో నెత్తురు. నీటికీ నెత్తురుకూ మధ్య అడ్డం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కొన్ని రెట్లు, అంతే. చేప నోరు తెరిచినప్పుడు మొప్ప మూతలు మూసుకుంటాయి, నోరు మూసినప్పుడు అవి తెరుచుకుంటాయి. నీరు ఒకే దిక్కున, దాదాపు ఆగకుండా సాగుతుంది. మన ఊపిరితిత్తిలో గాలి వచ్చిన దారినే తిరిగిపోతుంది. చేపలో అలా కుదరదు, అంత బరువైన నీటిని ఆపి వెనక్కి తిప్పడం చాలా ఖర్చు. ఒకే దిక్కున పంపినా ఆ శ్రమకు చేప తన శక్తిలో పదో వంతు దాకా పెట్టాల్సి రావచ్చు.

ఖర్చు ఎక్కువైనప్పుడు రాబడిలో పిసరు కూడా వదులుకోకూడదు. అందుకే ఆ పలకల్లో నెత్తురు నీటికి ఎదురుగా పారుతుంది. రెండూ ఒకే దిక్కున పారితే ఏమవుతుందో ఊహించండి. మొదట్లో నీటిలో నిండుగా ఆక్సిజన్, నెత్తురు ఖాళీ. కొంచెం దూరం పోయేసరికి రెండూ సగం సగం అయ్యి, ఇక మారకం ఆగిపోతుంది. ఎదురెదురుగా పారితే అలా కాదు. మొప్ప దాటిపోబోతున్న నెత్తురుకు అప్పుడే లోపలికొచ్చిన తాజా నీరు తగులుతుంది, అప్పుడే వస్తున్న ఖాళీ నెత్తురుకు సగం పిండిన నీరు తగిలినా అందులో ఇంకా తీసుకోవడానికి ఏదో మిగిలే ఉంటుంది. మారకం ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఎక్కడా ఆగదు. మంచి మొప్ప నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగేస్తుంది. మన ఊపిరితిత్తి తనలోకి వచ్చిన ఆక్సిజన్‌లో పావు వంతు తీసుకుని మిగతాది బయటికి వదిలేస్తుంది. గాలిలో పుష్కలంగా ఉంది కాబట్టి మనకు ఆ దుబారా చెల్లింది.

ఒడ్డున పడ్డ చేప అంత ఆక్సిజన్ మధ్య గిలగిల కొట్టుకుని చావడానికి కారణమూ ఈ నిర్మాణమే. నీరు ఎత్తిపట్టినంతసేపే ఆ పలకలు విడివిడిగా నిలుస్తాయి. గాలిలో ఒకదానికొకటి అంటుకుపోతాయి, అంత విశాలమైన తలం ముద్దయిపోతుంది.

ఇక ఈ నోటి రెండో పని. కానాగంతల గుంపు మేత మేసేటప్పుడు నోళ్ళు బార్లా తెరిచి ఈదుతుంది. పాట్రిక్ రస్సెల్ 1803లో అచ్చువేయించిన విశాఖపట్నం చేపల పుస్తకానికి ఎక్కిన చేప ఇది. ఈత వేగానికే నీరు నోట్లోకి దూసుకొచ్చి మొప్పల మీదుగా పోతుంది. మొప్ప విల్లు వెలుపలి వైపున్న తంతువులు ఆక్సిజన్ తీసుకుంటాయి, లోపలి వైపు వరసగా నిలిచిన సన్నని ముళ్ళు ప్లాంక్టన్‌ను అడ్డగించి గొంతువైపు తోస్తాయి. ఊపిరికి ఒకటి, మేతకు ఒకటి అని రెండు కదలికలు లేవు. ఈ ముళ్ళు ఎంత ఒత్తుగా ఉన్నాయో చూస్తే ఆ చేప ఏం తింటుందో చెప్పవచ్చు. బొచ్చెకు పొడుగ్గా, ఒత్తుగా ఉంటాయి కాబట్టే పైనీళ్ళలో ప్లాంక్టన్ వడకట్టుకుంటుంది. రోహు నడిమి నీళ్ళలో, మృగాల అడుగున మేస్తాయి. మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచే మన పద్ధతికి ఆధారం ఈ తేడాలే. వడకట్టే ముళ్ళు లేని కొర్రమీను లాంటి వేటచేప నోరు చటుక్కున పెద్దది చేసి, నీటితోపాటు ఎరనూ లాగేసుకుంటుంది. అదీ ఊపిరి పంపును బలంగా వాడటమే.

ఆల్చిప్పల దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. వాటి మొప్పల మీద కదిలే సూక్ష్మమైన కేశాలు రోజంతా నీటిని తోడుతూనే ఉంటాయి. పెద్ద ఆయిస్టరు అనుకూలమైన నీటిలో రోజుకు 150 లీటర్లకు పైగా వడకట్టగలదు. అంత నీరు తోడి అందులోని ఆక్సిజన్‌లో అది వాడుకునేది కొద్ది శాతమే. ఊపిరికి అంత నీరు అక్కర్లేదు, అదంతా తిండి కోసం. అంటే ఆ జంతువులో మొప్పల పరిమాణాన్ని నిర్ణయించింది ఆకలి. శ్వాసావయవం అని పేరు పెట్టిన భాగం ప్రధానంగా పోషణ చేస్తోంది. పుస్తకాల అధ్యాయ విభజన మీద నా ఫిర్యాదుకు ఇంతకంటే మంచి సాక్షి దొరకదు.

దొరుకుతుందేమో కూడా. సముద్రదోసకాయ మలద్వారం గుండా నీటిని లోపలికి తీసుకుని, పొట్టలో కొమ్మలుగా చీలిన గొట్టాలతో ఊపిరి పీలుస్తుంది. అదే దారిన వచ్చిన నీటినుంచి ఆహారం కూడా గ్రహిస్తుందని 2013లో జేకిల్, స్ట్రాత్‌మన్ అనే పరిశోధకులు ఒక అమెరికన్ జాతిలో చూపించారు. తూనీగ పిల్లపురుగుకూ మొప్పలు పురీషనాళంలోనే. ఆ గదిలోని నీటిని ఒక్కసారి బలంగా చిమ్మి ముందుకు దూసుకుపోవడం కూడా దానికి తెలుసు.

పురుగుల్లో ఇంకా విచిత్రాలున్నాయి. కొన్ని నీటి పెంకుపురుగులు గాలి బుడగను ఒంటికి అంటించుకుని మునుగుతాయి. పురుగు బుడగలోని ఆక్సిజన్ వాడుకుంటుంటే చుట్టూ నీటినుంచి ఆక్సిజన్ బుడగలోకి చేరుతుంటుంది. నత్రజని మెల్లగా కరిగి బయటికి పోతుంది కాబట్టి బుడగ ఎప్పటికో కుంచించుకుపోతుంది, అప్పుడు పైకొచ్చి కొత్తది తెచ్చుకోవాలి. అఫెలోకీరస్ అనే నీటి నల్లికి ఆ అవసరం కూడా లేదు. దాని ఒంటిమీది అతి సన్నని రోమాలు గాలి పొరను శాశ్వతంగా పట్టి ఉంచుతాయని 1947లో థోర్ప్, క్రిస్ప్ వివరించారు. దోమ పిల్లలు తోకవైపు గొట్టాన్ని నీటిపైకి పెట్టి పీలుస్తాయి, నీటిమీద నూనె పోస్తే చచ్చేది అందుకే.

నెత్తురు సంగతి క్లుప్తంగా. చేపల్లో ఇనుమున్న హీమోగ్లోబిన్, రొయ్యలు, పీతలు, ఆక్టోపస్‌లలో రాగి ఉన్న హీమోసయనిన్. ఆక్సిజన్ పట్టినప్పుడు రెండోది నీలంగా ఉంటుంది. ఏ ఎర్రకణమూ లేకుండా బతికే వెన్నెముక జీవి ఉంటుందని 1954 దాకా చాలామంది నమ్మలేదు. ఆ ఏడాది నార్వే శాస్త్రవేత్త యోహాన్ రూడ్ అంటార్కిటికా ఐస్‌ఫిష్‌ల గురించి ప్రకటించాడు. గడ్డకట్టే చలిలో ఆ నీళ్ళు ఆక్సిజన్‌తో నిండుగా ఉంటాయి, చేప అవసరమూ తక్కువ. పెద్ద గుండె, ఎక్కువ నెత్తురు, అంతే సరిపోయింది. ఇంట్లో గాజుతొట్టిలో పెంచే గోల్డ్‌ఫిష్ ఇంకో కొస. ఆక్సిజన్ బొత్తిగా లేకపోతే చక్కెరను ఆల్కహాలుగా మార్చి మొప్పల గుండా బయటికి వదిలేస్తూ కొంతకాలం నెట్టుకొస్తుందని 1980లో తేలింది.

నీటిలో ఊపిరి చాలనప్పుడు పైగాలి పీల్చడం నేర్చిన చేపలు ప్రపంచంలో 400 జాతుల దాకా ఉన్నాయి. ఈ విద్య ఒకసారి పుట్టి వ్యాపించింది కాదు, వేరువేరు వంశాల్లో పదులసార్లు విడిగా పుట్టింది. కొర్రమీనుకు తలలో మొప్పల పైన గాలి గది, మార్పు చేపకు మొప్పలనుంచి చెట్టు కొమ్మల్లా పెరిగిన అవయవం, ఇంగిలాయికి వెన్నువెంట తోకదాకా పోయే గాలి సంచి. ఈ విషయంలో మన దేశానిది పెద్ద వాటా. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జువాలజీ ఆచార్యుడైన బి.కె. దాస్ భారతదేశపు గాలి పీల్చే చేపల మీద రాసిన దీర్ఘ పత్రాన్ని లండన్ రాయల్ సొసైటీ 1927లో ప్రచురించింది. ఆ తరవాత దత్తా మున్షీ, బ్రిటన్‌కు చెందిన హ్యూస్ కలిసి ఈ అవయవాలను కొలతలతో సహా వివరించారు. వీటిలో కొన్ని జాతులను పైకి రానీయకుండా నీటిలోనే ఉంచితే ఊపిరాడక చస్తాయి. చేపలు నీళ్ళలో మునిగి చావడమంటే ఇదే.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను బజారులో జానెడు నీళ్ళున్న తొట్టిలో గంటలకొద్దీ ప్రాణంతో ఉండటం ఈ గాలి గది చలవే. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఉబ్బసానికి మందుతోపాటు మింగించే చేపపిల్లా ఇదే. ఆ వైద్యానికి శాస్త్ర నిరూపణ లేదు. ఊపిరి కష్టానికి ఊపిరిలో ఆరితేరిన చేపను ఎంచుకున్నవారి చూపును మాత్రం మెచ్చుకోవాలి.

గాలి పీల్చే చేపల విషయంలోనే ఒక పాత పొరపాటు దిద్దుబాటైంది. ఈతకు తోడ్పడే గాలితిత్తే కాలక్రమంలో ఊపిరితిత్తి అయిందని డార్విన్ 1859లో రాశాడు. ఇప్పుడు తేలిన వరస దానికి తిరగబడ్డది. ఊపిరితిత్తి ముందు, గాలితిత్తి తరవాత. మన ఊపిరితిత్తికి మూలం ఆక్సిజన్ చాలని ప్రాచీన నీళ్ళలో ఉన్న చేపలే.

ఊపిరీ తిండీ ఒకటే లెక్క అని పరిశోధకులకన్నా బాగా తెలిసినవాళ్ళు కైకలూరు, ఆకివీడు, భీమవరం చేపల, రొయ్యల చెరువుల రైతులు. పగటి ఎండలో చెరువులోని ఆకుపచ్చ ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రయితే అదే పీల్చుకుంటుంది. మధ్యాహ్నం డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 10 దాటిన చెరువులో తెల్లవారుజామున 3 కిందికి పడిపోవచ్చు. ముసురు పట్టిన రోజు, ఆ ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిన రోజు మరీ ప్రమాదం. చేపలు తేలి పైన గుటకలు వేస్తుంటే అవి గాలి మింగుతున్నాయనుకుంటాం. చాలావరకు అవి గాలిని ఆనుకున్న పైపొర నీటిని, ఆ చెరువులో ఆక్సిజన్ మిగిలిన ఒకే పొరను, మొప్పల మీదికి లాక్కుంటున్నాయి. రొయ్యకు ఆ వెసులుబాటూ తక్కువ. 2009లో మన దేశంలో అనుమతి పొందిన వనామీ బతికేదీ మేసేదీ ఎక్కువగా అడుగున, ఆక్సిజన్ ముందుగా పడిపోయేది కూడా అక్కడే. దాని మొప్పల గదిలోకి నీటిని లాగే పలక నోటి భాగాల్లో ఒకటి కావడం గమనించండి.

మబ్బు పట్టిన రోజు మేత తగ్గించడం, మానేయడం రైతులకు అలవాటు. కారణం రెండంచెలది. తిన్న మేతను అరిగించుకోవడానికి జంతువు ఆక్సిజన్ వాడకం గంటల తరబడి పెరుగుతుంది, ఒక్కోసారి రెట్టింపుకు దగ్గరవుతుంది. తినకుండా మిగిలిన మేత, పెంట అడుగున కుళ్ళుతూ మళ్ళీ ఆక్సిజన్ తింటాయి. బస్తా మేత చెరువులో వేస్తే ఒకసారి ఒంట్లో, ఒకసారి బురదలో ఊపిరి బాకీ పడుతుంది. ఏరియేటర్లు ఆ బాకీ తీర్చే పనిలో రాత్రంతా తిరుగుతాయి, కరెంటు పోతే జనరేటరు. చదరపు మీటరుకు 60 రొయ్యలకు మించి వేయరాదన్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనను చాలామంది రోగాల భయంగానే చూస్తారు. నా దృష్టిలో అది ఊపిరి లెక్క కూడా.

మొప్ప పని ఇంతటితో అయిపోలేదు. అమ్మోనియాను బయటికి పంపేదీ అదే, ఒంట్లో ఉప్పును సరిచూసేదీ అదే. ఉప్పును బయటికి తోసే కణాలను ఈల్ మొప్పల్లో 1932లో ఆన్సెల్ కీస్, విల్మర్ గుర్తించారు. ఆహారపు కొవ్వుకూ గుండెజబ్బుకూ సంబంధం చర్చించి తరవాత పేరుపొందిన కీస్ ఈయనే. పులస సముద్రం వదిలి గోదావరి వరదకు ఎదురెక్కేటప్పుడు మొప్పలు ఉప్పును బయటికి తోయడం మాని లోపలికి లాగడం మొదలుపెట్టాలి. చిక్కేమంటే, ఊపిరికి మొప్ప పలచగా, వెడల్పుగా ఉండాలి. ఉప్పు కాపాడుకోవడానికి మందంగా, చిన్నగా ఉండాలి. ప్రతి చేపా ఈ రెండింటి మధ్య ఒక రాజీ. పీటర్ రాంబో అనే పరిశోధకుడు చేపపిల్లలను పరిశీలించి, మొప్పలు ఊపిరికి అక్కరకు రాకముందే ఉప్పు పని మొదలుపెడుతున్నాయని చూపించాడు. మొప్ప తొలుత పుట్టింది ఊపిరి కోసం కాదేమో అన్న అనుమానం అప్పటినుంచి బలపడింది.

ఇప్పుడు వేడిగా నడుస్తున్న వాదం చేప పరిమాణం గురించి. మొప్ప పరచుకునే తలం, ఒళ్ళు పెరిగే ఘనం. ఒళ్ళు పెరిగే వేగాన్ని మొప్ప అందుకోలేదు కాబట్టి పెరుగుదలకు హద్దు ఊపిరే, వేడి నీళ్ళలో చేపలు చిన్నవవుతాయి అంటాడు మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ. 2017లో లెఫెవ్ర్, మెకెంజీ, నిల్సన్ అనే పరిశోధకులు దీన్ని గట్టిగా తోసిపుచ్చారు. మొప్ప గోళం పైపొర కాదు, పలకల మీద పలకలుగా మడతలు పడ్డ అవయవం, అవసరమైతే ఒంటితో సమంగా పెరగడానికి జ్యామితి అడ్డురాదన్నారు. జ్యామితి విషయంలో నేను వీళ్ళ పక్షమే. అయితే మొప్పను పెంచుకోవడానికి ఉప్పు రూపంలో చెల్లించాల్సిన ధర ఉందని పై పేరాలోనే చూశాం. వేడిలో చేపలు చిన్నవవుతున్నాయన్న పరిశీలన చాలాచోట్ల నిజం, దానికి పౌలీ చెప్పిన కారణం మాత్రం ఇంకా గెలవలేదు.

సముద్రం దగ్గర ఈ ప్రశ్న ప్రయోగశాల దాటింది. 1960 తరవాత యాభై ఏళ్ళలో ప్రపంచ సముద్రాల ఆక్సిజన్ 2 శాతానికి పైగా తగ్గిందని ష్మిట్కో బృందం 2017లో లెక్కగట్టింది. సగటుగా చూస్తే చిన్న అంకె, పడిన చోట పెద్దది. అరేబియా సముద్రంలో, బంగాళాఖాతంలో పైనీళ్ళు దాటి వంద మీటర్ల చిల్లర దిగితే ఆక్సిజన్ దాదాపు సున్నాకు చేరే మందమైన పొరలున్నాయి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీరు తేలికై పైన మూతలా పరుచుకుంటుంది, పైగాలి కిందికి కలవనీయదు.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ జాలరులకు పంపే వేట సూచనలు ప్రధానంగా ఉపగ్రహాలు చూసిన నీటి ఉష్ణోగ్రత, పత్రహరితం మీద ఆధారపడతాయి. పత్రహరితం అంటే మేత ఉన్న చోటు. కరిగిన ఆక్సిజన్ ఉపగ్రహానికి కనబడదు, దానికి నీటిలో మునిగి తేలే ఆర్గో పరికరాలు కావాలి, వాటిలోనూ ఆక్సిజన్ సెన్సారు ఉన్నవి కొన్నే. ఊపిరీ మేతా వేరుచేసిన అలవాటు ఇక్కడా ఉంది. దాని వల్ల వచ్చే చిక్కును 2006లో ప్రిన్స్, గుడ్‌ఇయర్ తూర్పు పసిఫిక్‌లో చూపించారు. కింద ఆక్సిజన్ లేని పొర ఉన్నచోట మార్లిన్, సెయిల్‌ఫిష్ లాంటి వేగమైన చేపలు పైనున్న పలచని పొరలోకి నెట్టుకుపోతాయి. ఎర చేపలూ అక్కడే ఇరుకున పడతాయి. వలకూ గాలానికీ సులువుగా అందుతాయి. విశాఖ తీరంలో ట్యూనా పడవలకు ఒక ఏడు వేట బాగుంటే, ట్యూనా పెరిగి అలా అయిందా, కింద ఊపిరాడక పైకొచ్చి అలా అయిందా అన్నది పట్టుబడి లెక్కల్లో తేలేది కాదు. ఆ పడవలు తిరిగిన నీళ్ళలో వంద మీటర్ల లోతున డీఓ ఎంతో కొలిచి ఉంటేనే తేలుతుంది.